ఎలుక కొరికిన కాయ

అమెరికాలోని నోవైలో మా పక్కింటాయన్ని తెలుగువాళ్లంతా ఎలుకల డాక్టరుగారనేవారు. రిటైరైన జంతుశాస్త్రవేత్త. ఆయన కోటు జేబులో ఎప్పుడూ ఒక ఎండుకాయ ఉండేది. పసిఫిక్‌లోని ఒక దీవి అడవిలో, చెట్ల మీద బతికే పిల్లి అంత ఎలుక దానికి గుండ్రంగా బెజ్జం కొరికిందట. ఆ ఎలుకను కళ్లారా చూడాలని ఆయన ఆరుసార్లు వెళ్లొచ్చారు. రోజంతా మౌస్ పట్టుకుని బతికే నాకు ఎగతాళి చేసే అర్హత లేదు. అయినా ప్రతి పాట్‌లక్ విందులోనూ అడిగేవాణ్ణి.

"ఈసారైనా కనిపించిందా డాక్టరుగారూ?"

"నాకు కనపళ్లేదయ్యా. దానికి నేను కనిపించే ఉంటాను," అంటూ కాయ తీసి, బెజ్జం అంచున బొటనవేలు తిప్పేవారు.

ఓ జనవరిలో ఇద్దరం డ్రైవ్‌వేల మీద మంచు తోస్తుంటే అలవాటుగా అడిగాను. "ఏడోసారి ఎప్పుడండీ?"

"వెళ్లట్లేదు. నిన్న మెయిల్ వచ్చింది. ఆ దీవి అడవిలో చెట్లన్నీ కలప కోసం కొట్టేశారట. టికెట్ క్యాన్సిల్ చేసేశాను."

ఆయన పారకు ఆనుకుని కాసేపు ఊపిరి తీసుకున్నారు. తర్వాత గ్లవ్ విప్పి, కాయను నా చేతిలో పెట్టారు.

"నువ్వుంచుకోవయ్యా. జేబు బరువుగా ఉంటోంది."

అందులో బరువేముంది? లోపలిదంతా ఆ ఎలుక ఎప్పుడో తినేసింది.