పొడి వేయని బెల్లం

రంగు చూసి బెల్లం కొనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. చిత్తూరు జిల్లా పాకాల పక్క మా ఊళ్ళో మా నాయన వండిన బెల్లం పాత చింతపండు రంగులో ఉండేది. ఒక ముక్క తింటే ఇంకో ముక్కకు చెయ్యి దానంతట అదే పోయేది. దాన్ని మించిన బెల్లం నేనింతవరకూ తినలేదు, ఇక తింటాననీ అనుకోను.

చెరకు రసం కాచే పెద్ద పెనం దగ్గర నాయన ఎవరినీ నమ్మేవాడు కాదు. బెండకాడలు నలిపి ఆ జిగురు మరిగే చెరకు రసంలో పోసి, పైకి తేలిన మడ్డి అంతా తనే తీసేవాడు. గానుగ ఆడే రోజుల్లో బాటన పోయే వాళ్ళెవరైనా సరే, పిలిచి అరటాకు ముక్కలో వేడి బెల్లం పెట్టాల్సిందే. పగవాడు ఆకు చాపినా కాదనకూడదు. కాదంటే ఆ ఏడు బెల్లం కలిసిరాదని మా ఊళ్ళో గట్టి నమ్మకం.

ఎనభైల మొదట్లో నేను తొలికాన్పుకు పుట్టింటికి వచ్చాను. అప్పటికి చిత్తూరు మండీలో తెల్ల బెల్లం మోజు మొదలైంది. ఏటా మా సరుకు కొనే వ్యాపారి గానుగ దగ్గరికే వచ్చి కూర్చున్నాడు.

"నీ బెల్లం నల్లగుండాదప్పా. ఈ హైడ్రోసు పొడి రవ్వంత ఏస్తే తెల్లగా మెరుస్తాది. ల్యాకుంటే ఈసారి నేనెత్తుకోలేను," అని పొట్లం చేతిలో పెట్టి పోయాడు.

ఏడాదంతా కాచుకున్న చెరకు. ఆయన వద్దంటే మాకు వేరే దిక్కు లేదు. నాయన మరుసటి పెనంలో పొడి వేశాడు.

ఆ సంగతి నాకు తెలియదు. తీపి కోసం నాలుక పీకుతుంటే పోయి ఆకు చాపాను. నాయన గరిటె ఎత్తి, మళ్ళీ పెనంలోనే పెట్టేశాడు.

"నీకొద్దులేమ్మా. ఇంటికాడ పోయినేటి బెల్లం ఉండాది, అది తిను."

"ఇదేమైంది నాయనా?"

"పొడి ఏసినాను. నువ్వు వట్టిమనిషివి కాదు గదా."

నాకు తిక్క రేగింది. "చిత్తూరులో కడుపుతో ఉండేవాళ్ళు ల్యారా? వాళ్ళు ఎవురి బిడ్డలు?"

పక్కనే ఉన్న అమ్మ నోరు మూసుకోమంది. నేను మూసుకోలేదు. నాయన ముఖం చూస్తే జాలేసింది, అయినా అన్నమాట వెనక్కి తీసుకోలేదు. ఆయన గట్టు పక్కన గుంట తవ్వించి ఆ పాకమంతా అందులో పోయించాడు. పొట్లం పొయ్యి వెనక ఉంటే అదీ ఆ గుంటలోనే పడేశాడు. మిగిలిన చెరకంతా పాత పద్ధతిలోనే వండాడు.

వ్యాపారి మళ్ళీ వచ్చి బెల్లం అచ్చులు చూసి తల పట్టుకున్నాడు. "సెప్తే ఇనవు గదప్పా! పొడి ఏసేదానికి నీకేం కష్టం?"

"మా పాప తింటాదబ్బా," అన్నాడు నాయన.

వ్యాపారి నా కడుపు వైపొకసారి చూశాడు. నల్లబెల్లమని ధర తగ్గించే బండికెత్తించాడు. ఎత్తించేముందు మాత్రం, మంచివి రెండు అచ్చులు ఏరి, తన ఇంటికని విడిగా గుడ్డలో కట్టించుకున్నాడు.