మచ్చలు తీసేసిన పటం

డోన్ టేషన్ ఎదురుగా నాకొక స్టూడియో ఉండేది. స్టూడియో అంటే ఏమో అనుకునేరు! పైన రేకులు, ఒక పక్క పెద్ద కిటికీ, వెనక చీకటి గది, గోడకు కొలనూ హంసలూ గీసిన పరదా. అంతే. నా పొగరు మాత్రం కలెక్టరు బంగళా అంత ఉండేది. యుద్ధం రాకముందు మాట ఇది. కర్నూలు నుంచి గుంతకల్లు దాకా పెండ్లికూతురి మొగాన్ని నా మాదిరి తీసేవాడు లేడని నేనే చెప్పుకుంటాంటి. ఎవురన్నా ఒప్పుకోకపోతే వాళ్ళతో కొట్లాడుతాంటి. ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తాది.

నా గొప్పంతా టచింగులో ఉండేది. ఆ కాలంలో పటం ముందు అద్దం పలక మీద పడేది. దాన్ని ప్లేటు అంటాం. దాంట్లో తెలుపు నల్లగా, నలుపు తెల్లగా కనపడతాది. మొగంలో గుంతో మచ్చో ఉంటే, ప్లేటు మీద ఆ చోట సన్న పెన్సిలుతో దిద్దాల. కాగితం మీదికి వచ్చేసరికి ఆ మచ్చ మాయమైతాది. కిటికీ ముందర కూచుని, ప్లేటును వెలుతురుకు పెట్టుకుని, కండ్లు లాగేదాకా దిద్దేవాణ్ణి. కాలిన మచ్చలు, ముడతలు, అమ్మవారు పోసి పోయిన గుంతలు, ఏదైనా సరే. ముందుగా ఎవురినీ అడిగేవాణ్ణి కాదు. అడిగేదేముంది, మచ్చ కావాలని ఎవురైనా అంటారా?

ఒక ఎండాకాలం బనగానపల్లె పక్కనుండే పల్లెలో పెండ్లికి పిలుపొచ్చింది. పిలిచింది మగపెండ్లివారు. పిల్లోనికి హుబ్లీలో రైల్వే పని. పటం ఉండాల్సిందేనని వాళ్ళ పట్టు. బేతంచెర్లలో రైలు దిగి, కెమెరా పెట్టె ఎద్దులబండిలో వేసి, ప్లేట్లు పగలకుండా ఒళ్ళో పెట్టుకుని పోతి. దారి పొడుగునా బండాయన్ను తిట్టుకుంటానే పోతి. ఆయనేం చేస్తాడు పాపం, దారంతా రాళ్ళే.

పెండ్లింటికి పోయి చూస్తే పెండ్లికూతురు మొగం నిండా పసుపు. పొద్దున్నే తల్లి చేత్తో పూసింది. దట్టంగా, చెవుల వెనక దాకా. బుగ్గన దిష్టిచుక్క. నాకు చిర్రెత్తుకొచ్చింది. నా ప్లేట్లకు పసుపన్నా ఎరుపన్నా గిట్టదు. రెండూ నల్లగానే పడతాయి. పసుపు మొగం తీస్తే బొగ్గుల బట్టీలో పనిచేసొచ్చినట్లు పడతాది.

"ఆ పసుపు కడిగి తీసుకరాండి" అంటి.

వాకిట్లో ఆడోళ్ళను తప్పించుకుని తల్లి ముందుకొచ్చింది. ఎండకు చేను పని చేసి చేసి నలిగిపోయిన మనిషి, పెండ్లికని కొత్త కోక కట్టుకోనుండాది.

"ఏం మాట నాయినా అది? పెండ్లికూతురి మొగాన పసుపు కడగమంటారా ఎవురైనా?"

"కడగకపోతే నల్లగా పడతాది. తర్వాత నన్ను అడగొద్దు" అంటి. ఎంత కరుగ్గా అన్నానో ఇప్పటికీ నా చెవిలోనే ఉండాది. పొద్దు నెత్తి మీదికొస్తాంది, నీడలు పొట్టివైపోతాండాయి, నా ఆత్రం నాది. మగపెండ్లివారు నా పక్కే మాట్లాడిరి. "పటం తీసేటాయనకు తెలీదా, నీకు తెలుసా?" అని పెండ్లికొడుకు పెదనాయన గద్దించె. ఆ తల్లి తానే చెంబుతో నీళ్ళు తెచ్చి, పూసిన చేత్తోనే బిడ్డ మొగం కడిగింది. కడుగుతా ఆమె తల పైకెత్తలేదు. నేను స్టాండు కాళ్ళు సరిచేసుకుంటా, ఇంగా చెవి కాడ ఉండాది, ఆడ కూడా కడుగు అని పురమాయిస్తి. చూడండి నా సంస్కారం!

పసుపు పోయినాక కనపడినాయి గుంతలు. చిన్నప్పుడు అమ్మవారు పోసిందంట. నాకాడ పౌడరు డబ్బా ఎప్పుడూ ఉండేది. ఆ డబ్బా పిల్ల మేనత్త చేతికిచ్చి, ఇంగా పూయి, ఇంగా పూయి అంటి.

పెండ్లికూతురు తడుముకోకుండా అనింది, "అన్నా, నా మొగంలో గుంతలన్నీ పూడ్చాలంటే నీ డబ్బా యాడ చాలుతాది? బండెడు తేవాల్సింది!"

అంతా పగలబడి నవ్విరి. తల్లి కూడా నవ్వింది. అంత సేపట్లో ఆమె నవ్వింది అదొక్కసారే. ఆ పిల్లకు తన మొగం మీద ఏ దిగులూ లేదని నాకు అప్పుడే తెలియాల్సింది. తెలియలేదు. నాకు నవ్వు కూడా రాలేదు. కదలొద్దు, నోరు మూసుకో అని గదమాయించి, దిష్టిచుక్క కూడా తుడిపించి, నల్లగుడ్డ కింద తల దూర్చి పటం తీస్తి.

పెట్టె సర్దుకుంటాంటే తల్లి నా కాడికొచ్చింది. "నాయినా, పిల్ల హుబ్లీకి పోతాది. అంత దూరం నేను యాడ పోయేది? మొగమన్నా నా కాడ ఉండనీ. పౌడరు పూసినారు సరే, ఉన్నది ఉన్నట్లు తీసియ్యి. నాకొకటి ఇప్పించు" అనింది.

"ఉన్నదున్నట్లు ఇస్తే నువ్వే నన్ను తిడతావు పోమ్మా" అని నవ్వితి.

ఆ ప్లేటు మీద రెండు రోజులు కూచుంటి. ఒక్క గుంత వదల్లేదు. పెదవి కింద గదవ కాడ చిన్న నొక్కు ఉంటే అది కూడా నున్నగా చేస్తి. మగపెండ్లివారికి రెండు పటాలు, తల్లికొకటి పంపిస్తి. ఇంగొకటి స్టూడియో వాకిట్లో అద్దాల పెట్టెలో పెట్టుకుంటి. రైలు దిగినోళ్ళంతా నిలబడి చూసేవాళ్ళు. నేను లోపల కూచుని, వాళ్ళు చూస్తాండేది చూసి మురిసిపోతాంటి.

నెల తిరక్కుండా ఆ ఊరి బండాయన కనపడి, "పెండ్లికూతురి తల్లి అడగమనింది స్వామీ, ఈ పటంలో పిల్ల ఎవురి బిడ్డ అని" అన్నాడు. కోపం రాలేదు నాకు, నవ్వొచ్చింది. నా పనికి అంతకంటే మెప్పు ఏముంటాది! అప్పట్నుంచి కాఫీ అంగడి కాడ ఎవురు దొరికినా ఇదే కథ. "కన్నతల్లే గుర్తు పట్టలేదప్పా, అట్ల చేసినా!" ఆమె గొంతు పెట్టి మరీ చెప్పేవాణ్ణి. నాలుగేండ్లు చెప్పింటాను. విన్నోళ్ళు నవ్వినారు, నేను వాళ్ళకంటే గట్టిగా నవ్వినా.

ఈలోపల యుద్ధం వచ్చింది. సీమ నుంచి ఓడల్లో వచ్చే సరుకు నిలిచిపోయింది. కొత్త ప్లేట్లకే కటకట. పటాలకు బిగించే అద్దం కూడా దొరకదు. పట్టాళంలో చేరిన పిల్లోళ్ళు రైలెక్కేముందు పటం తీసుకుని, అద్దం కట్టించి ఇంట్లో ఇచ్చి పోతాండారు. అందుకని నేనొక పని చేస్తి. అటక మీదుండే పాత ప్లేట్లన్నీ దించి, చాకలిసోడా వేసిన వేడినీళ్ళలో నానేసి కడిగేస్తి. మొగాలన్నీ చర్మం ఊడినట్లు ఊడి, నీళ్ళలో తేలి పాయె. మంచి అద్దాలు మిగిలె. వాటిని పటాలకు బిగించి ఇస్తాంటి. ఎవురి ప్లేటు ఏదని కూడా చూడలేదు. ఇంత కాలమైనాక ఎవురొస్తారులే అనుకుంటి.

ఆమె వచ్చింది.

ఒక పొద్దున నంద్యాల బండి వచ్చిపోయినాక, చంకలో మూడేండ్ల ఆడపిల్లను ఎత్తుకుని వాకిట్లో నిలబడింది. మొదట గుర్తు పట్టలేదు. పటం మూట విప్పి చూపించినాక తెలిసె, ఆ పెండ్లికూతురి తల్లి అని. నిజం చెప్తాండా, ఆ కాఫీ అంగడి కథ గుర్తొచ్చి నాకు పెదాల మీదికి నవ్వొచ్చింది. కూచోమ్మా అంటి.

"బిడ్డ లేదు నాయినా" అనింది.

పుట్టింటికి వచ్చేలోపలే హుబ్లీలో ఈ పాప కాన్పు కష్టమై పోయిందంట. జాబు వచ్చేసరికి అన్నీ అయిపోయినాయంట. తల్లికి కడచూపు లేదు. అల్లుడు ఈ పసిదాన్ని తెచ్చి అప్పజెప్పి పోయినాడు.

"ఇది ఇప్పుడు అడగతాంది, మాయమ్మ ఎట్లుంటాది అని. ఇంట్లో అందురూ ఈ పటం చూపించి ఇదే మీయమ్మ అంటారు. నాకు నోరు రాదు నాయినా. ఎవురో పిల్లను చూపించి నీ తల్లి అని ఎట్ల చెప్పేది? నీకు తప్పు మోపేదానికి రాలేదు. పటం బాగుండాలనే నువ్వు చేసినావు. మా ఊరి అయ్యవారు చెప్పినాడు, అద్దం పలక మీద పెన్సిలుతో దిద్దింటారు, అది తుడిస్తే మొగం మళ్ళా వస్తాదని. ఆ మాట విని వస్తి. తుడిచి, నా బిడ్డను నాకియ్యి."

అయ్యవారు చెప్పింది నిజమే. ప్లేటుంటే కొంచెం టర్పెంటైను, గుడ్డపేలిక, పావు గంట పని. ఒక్కటొక్కటిగా గుంతలన్నీ తిరిగొచ్చుండేవి. గదవ కాడ నొక్కు కూడా. ఒక పక్క ఆమె కండ్లు, ఇంగొక పక్క చీకటి గదిలో కడిగి పేర్చిన పలకల కట్ట. కడిగేసినానమ్మా అని ఒక మాట. ఆ మాట చెప్పేదానికి నాకు గుండె చాలలేదు.

"ప్లేటు పగిలిపాయమ్మా" అంటి. "అటక మీదినుంచి పడి పగిలిపాయ."

ఆమె ఏమనిందో తెలుసా? "అయ్యో, అంత కష్టపడి తీసింటివి! నీకు దెబ్బ తగల్లేదు గదా నాయినా?"

తల కొట్టేసినట్లయింది నాకు. తిట్టింటే తట్టుకునేవాణ్ణి. కొట్టింటే ఇంగా మేలు. నాకు తగిలిన దెబ్బ గురించి అడగతాంది ఆ తల్లి, లేని దెబ్బ గురించి!

ఏదో ఒకటి చేయకపోతే ఆడ నిలబడలేననిపించి, "పటం మీదనే సిరాతో వేస్తానమ్మా, యాడాడ ఉండెనో చెప్తావా?" అంటి. కుంచె తీస్తి. మూడు వెంట్రుకలుండే కుంచె అది. ఆమె పిల్లను కింద కూచోబెట్టి, కండ్లు మూసుకుని, గాల్లో చేయి పెట్టి నిమిరింది. రోజూ బిడ్డ మొగానికి నూనె రాసిన చేయి. దానికి దారి తెలుసు.

"నొసట్న ఒకటి, కుడి కనుబొమ్మ మీద. దాని పక్కన చిన్నది. ముక్కు పక్కన జంటగా రెండు. ఎడమ బుగ్గన మూడు, నడుమది కొంచెం లోతు..."

నేను వేస్తాండా. మొదటిది ఈగ వాలినట్లు పడింది. ఇన్నేండ్లూ గుంతలు తీసినా గానీ, గుంత ఎట్లుంటాదో ఒక్కనాడూ చూడలేదని అప్పుడు తెలిసె. ఒక అంచు నలుపు, ఒక అంచు తెలుపు. ఆమె కండ్లు తెరిచి చూసి, ఇంగ రవ్వంత కిందికి నాయినా అంటాంది, మళ్ళా మూసుకుంటాంది. కండ్ల కొసల్నుంచి నీళ్ళు కారతాండాయి, తుడుచుకోవడం లేదు, వేళ్ళు ఖాళీగా లేవు గదా. మొత్తం పదకొండు. ఒక్కదాని కాడ కూడా తడబడలేదు.

అయిపోయినాక పటం చేతిలోకి తీసుకుని శానాసేపు చూసింది. మంచి పని కాదది. నా బతుకులో అంత వికారంగా ఏ పటమూ దిద్దలేదు.

"ఇదో, వచ్చె నా బిడ్డ" అనింది మెల్లగా.

పాప దగ్గరికొచ్చి పటం మీద వేలు పెట్టబోయె. ఆమె గభాల్న పైకెత్తి, "సిరా చెదురుతాదేమో నాయినా. దీని చేతులు ఊరకుండవు. మీద ఒక అద్దం బిగించియ్యి" అనింది.

లోపలికి పోతి. ప్లేటు ఎంతో పటం అంతే, కొలవాల్సిన పని కూడా లేదు. కట్టలో మీదున్న పలక తీస్తి. అది ఆ బిడ్డదేనేమో, కాదేమో. అన్నీ ఒకే మాదిరి తెల్లగా మెరస్తాండాయి. ఎంత సేపు ఆడ నిలబడినానో తెలీదు. ఆమె దగ్గిన సద్దు విని బయటికొచ్చి, చట్రంలో బిగించి చేతికిస్తి.

కొంగుతో అద్దం తుడిచి, పాపను ఎత్తుకుని, కిటికీ కాడికి పోయి చూపించింది. "ఇదో మీయమ్మ. చూడు." పాప అద్దం మీద అరచేయి ఆనించి చూసె. ఆమె నా పక్కకు తిరిగింది.

"ఎంత బాగుండాది నాయినా ఈ అద్దం! ఉండాదో లేదో తెలీకుండా ఉండాది. ఈ కాలంలో అద్దం యాడ దొరుకుతాంది, ఎవురికోసమో పెట్టుకోనింటావు" అని, నా రెండు చేతులూ పట్టుకుని కండ్లకద్దుకునింది. ఆ చేతులు నేను వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఎందుకో చెప్పాల్సొస్తాది.