బూజు విషయంలో నేను మోపిన అభియోగం

మా స్నానాల గది గోడకు పట్టిన నల్ల బూజుకు కారణం మా మేనత్తేనని ఇంటిల్లిపాది ముందు నిరూపించినదాన్ని నేను. నిరూపించానని అనుకున్నదాన్ని అనడమే న్యాయం.

డిగ్రీ చదివిన మూడేళ్లూ కాలేజీ డిబేట్ జట్టులో ఉన్నాను. ఆధారం చూపకుండా ఎవరు ఏ మాట అన్నా లేచి నిలబడి ప్రశ్నించడం అక్కడ నేర్చుకున్న విద్య. ఆ విద్యను భోజనాల గదిలోకి కూడా తెచ్చినందుకు అమ్మ విసుక్కునేది. నాన్న మాత్రం చుట్టాలు వచ్చినప్పుడు నా చేత ఏదో ఒక విషయం మీద మాట్లాడించి మురిసిపోయేవారు.

అత్త నాన్నకు అక్క. దేవరాపల్లిలో ఉంటుంది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక చోడవరంలోని మా ఇంటికి వచ్చింది. కాలికి వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ గది మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉండడం అందుకు కారణం. రెండు నెలలపాటు రోజూ అక్కడికి వెళ్తేనే మోకాలు పూర్తిగా వంగుతుందని డాక్టరు చెప్పారు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పొగలు కక్కే నీళ్లతో స్నానం చేయడం అత్తకు చిన్ననాటి అలవాటు. ఇప్పుడు ఆ వేడి కాలి నొప్పికి కూడా ఊరటనిచ్చేది.

ఆమె వచ్చిన రెండు వారాలకు, వానలు పట్టుకున్న రోజుల్లో, గీజర్ పక్క మూలలో ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపించాయి. అమ్మ ఫినాయిల్‌తో తోమింది. నాలుగు రోజుల్లో తిరిగి వచ్చాయి. బాత్‌రూమ్ యాసిడ్ పోసి తోమింది. టైల్స్ మధ్య సందులు తెల్లబడ్డాయి గాని, పై గోడ మీద చుక్కలు కలిసిపోయి మరకలయ్యాయి. నాన్న దాని మీద తెల్ల రంగు పూశారు. వారం తిరిగేసరికి బూజు ఆ రంగును చీల్చుకుని బయటపడింది.

ఆ బుధవారం రాత్రి భోజనాల దగ్గర నేను వాదన వినిపించాను. అత్త రాకముందు ఈ గోడ మీద బూజు లేదు, వచ్చాక వచ్చింది. ఈ మధ్యకాలంలో ఇంట్లో కొత్తగా చేరినది రోజుకు నాలుగు బకెట్ల వేడి నీళ్లే. కనుక...

"కనుక" అని కాస్త ఆగాను. పోటీల్లో సరిగ్గా అక్కడే చప్పట్లు పడేవి. ఇక్కడ అత్త చేతిలోని ముద్ద తిరిగి కంచంలోకి వెళ్లింది.

"అయితే మీ గోడకి బూజు పట్టించింది నేనన్నమాట."

"అప్పా, అది సిన్న గుంట. ఏదో అంటాది, వదిలెయ్," అన్నారు నాన్న.

"సిన్న గుంటేటిరా, పెద్ద లాయరు! సోమవారం పొద్దున్నకి ఆటో మాటాడు తమ్ముడూ. నా ఇంటికి నేనెల్పోతాను."

ఆమె అన్నంత పనీ చేసే మనిషి. అప్పటికి ఇంకా మూడు వారాల వ్యాయామం మిగిలి ఉంది. దేవరాపల్లి నుంచి రోజూ బస్సెక్కి రావడం ఆ కాలితో అయ్యే పని కాదు. మధ్యలో మానేస్తే మోకాలు ఎంతవరకు వంగిందో అక్కడే ఆగిపోతుంది. మర్నాడు పొద్దున ఆమె స్నానానికి వెళ్లినప్పుడు గీజర్ ఎర్ర దీపం వెలగలేదు. చన్నీళ్లు పోసుకుని, తలుపు పట్టుకుని, కుంటుతూ బయటికి వచ్చింది.

ఒకదాని తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని డిబేట్ జట్టులో చేరే ప్రతి జూనియర్‌కూ తొలిరోజు నేనే చెప్పేదాన్ని. శిక్ష పడిన తరువాత విచారణ మొదలుపెట్టడం సిగ్గుచేటే అయినా, సోమవారం దాకా గడువుంది కనుక మొదలుపెట్టాను.

తేమ గోడ లోపలి నుంచైనా రావాలి, గదిలోని ఆవిరి నుంచైనా రావాలి. పైన ట్యాంకు నుంచి దిగే పైపు ఆ గోడలోంచే పోతుంది. అది కారుతూ ఉండాలని మనసులో గట్టిగా కోరుకున్నాను. గోడను గుడ్డతో పొడిగా తుడిచి, అరచేయంత పాలిథిన్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో అంటించాను. రెండు రోజుల తరువాత దాని లోపలి వైపు తడి ఉంటే దోషం గోడది. బయటి వైపు తడి ఉంటే ఆవిరిది.

"అత్తా, ఈ రెండు రోజులూ నువ్వు వేడి నీళ్లే పోసుకోవాలి. పరీక్ష కోసం."

"నేరం మల్లీ సెయ్యమంతన్నావా ఏటి?" అంది అత్త. అయినా ఒప్పుకుంది.

శనివారం సాయంత్రం స్నానం అయ్యాక వెళ్లి చూశాను. పాలిథిన్ బయటి వైపు చెమట బొట్లు. ఊడదీస్తే లోపల గోడ పొడిగా ఉంది. దాచిపెట్టడం న్యాయం కాదు గనుక, ఉన్నది ఉన్నట్టు అత్తకు చెప్పాను.

"సరే, ఆవిరి నాదే," అంది అత్త, మంచం మీద కాలు చాపుకుని. "నేను ఒక్కటే అడుగుతాను, సెప్పు కోడలా. మా ఇంట్లో నలభై ఏళ్లుగా ఇలాగే పోసుకుంతన్నాను. ఆ గోడకి బూజెందుకు నేదు?"

నేను తడి పాలిథిన్ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాను.

"మా గదికి పైన కన్నముంది. ఆవిరి అందులోంచి ఎల్పోద్ది. మీ ఇంట్లో ఎటెల్తాది?"

"మనకూ వెంటిలేటర్ ఉంది కదా!" అన్నాను. అంటూనే మళ్లీ గదిలోకి వెళ్లి తలెత్తి చూశాను. వెంటిలేటర్ ఉండవలసిన చోట తెల్లగా, గోడలో గోడలా ఏదో ఉంది. వెనక సందులోకి పరిగెత్తాను. అక్కడ బట్టలు తీస్తున్న పక్కింటావిడ నేను చూస్తున్న వైపే తనూ చూసింది.

"ఏటి పాపా, నాయకుడికేసి అలా సూస్తన్నావు? ఇన్ని నెలల్నుంచీ ఆ ఊచల ఎనకాల నిలబడి మాకు దండాలెడతన్నాడు. ఓట్లకేమో అనుకున్నాం!"

నిజమే. వెంటిలేటర్ ఊచల వెనక నుంచి, పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలో, పూలదండలు వేసుకున్న ఒక నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. చలికాలంలో మా వీధి వెనకాల పొలాల్లో బెల్లం వండుతారు. పొయ్యిలో చెరకు పిప్పి మండితే దాని మసి రెక్కలు కట్టుకుని ఇళ్లలోకి వస్తుంది. అందుకని వీధి వీధంతా స్నానాల గది వెంటిలేటర్లను దొరికినదానితో మూసేసి, ఉగాదికి సున్నాలు వేసేటప్పుడు తెరుస్తారు. ఈ ఏడు సున్నాలు వాయిదా పడ్డాయి. ఫ్లెక్సీ తెల్లటి వీపు లోపలికి తిరిగి ఉండడంతో మా కళ్లు దాన్ని గోడగానే చూడడం మొదలుపెట్టాయి. ఎండాకాలమంతా చన్నీళ్లే కాబట్టి నష్టం తెలియలేదు. దాన్ని కట్టింది నాన్న. ఆయన ఎక్కిన స్టూలును పడిపోకుండా పట్టుకున్నది నేను.

ఈ సంగతి చెప్పేసరికి అత్త మంచం ఊగేలా నవ్వింది. "ఒరే తమ్ముడూ, నాయకుణ్ణి దింపరా ముందు!"

ఆదివారం పొద్దున్నే నాన్న స్టూలెక్కి తీగలు కత్తిరించారు. నెలల తరువాత ఆ గదిలో ఎండ పడింది. తలుపు తెరిచి, ముక్కులకు రుమాళ్లు కట్టుకుని, ఉబ్బిన రంగును ముందు తడిపి గీకేశాం. పొడిగా గీకితే బూజు గదంతా ఎగురుతుంది. తరువాత బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు గోడకు పట్టించి, పావుగంట ఆగి తోమాం. అమ్మ అందులో కాస్త యాసిడ్ కూడా కలుపుదామంది. ఆ రెండూ కలిస్తే ఊపిరాడనివ్వని విషపు పొగ వస్తుందని ఆపాను. ఆ వారమంతటిలో నెగ్గిన నా ఆక్షేపణ అదొక్కటే.

గుమ్మం అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అత్త మా పని పర్యవేక్షించింది. "ఆ మూల సూడు, ఆ మూల! నీ వాదన్లాగే పైపైన తోమితే ఎలాగే?"

వెంటిలేటర్‌కు సన్నని దోమల వల బిగించాం. ఇకమీదట మసి ఆగాలి గాని, గాలి ఆగకూడదు. స్నానం చేసినవాళ్లు గోడల మీది నీళ్లను వైపర్‌తో లాగి, తలుపు తెరిచి ఉంచాలని అమ్మ నియమం పెట్టింది.

ఇంత చేసినా, ఆటో వద్దని అత్త అనలేదు. సోమవారం ఎనిమిదింటికి అది గుమ్మం ముందు ఆగింది. ఆమె బట్టల సంచీ అప్పటికే సర్ది ఉంది.

"అత్తా, నా అభియోగాన్ని ఉపసంహరించుకుంటున్నాను," అన్నాను.

"అది కాలేజీ మాట. ఇంటి మాట సెప్పు."

"తప్పయిపోయింది అత్తా."

ఆమె తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లింది. గీజర్ ఎర్ర దీపం వెలిగింది. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. మూడోసారి కొట్టబోతుండగా అత్త తల తుడుచుకుంటూ వచ్చి, నా భుజం ఆసరాతో ఆటో ఎక్కింది. నాన్న సంచీ పట్టుకుని వెనకాలే వచ్చారు.

"అదెందుకురా? లోపలెట్టు," అంది అత్త. "దేవరాపల్లి కాదు బాబూ, ఈ పక్కనే కాలు వంచే డాక్టరు దగ్గరికి పోనీ." తరువాత కాస్త జరిగి నాకు చోటిచ్చింది. "ఎక్కవే కోడలా. ఇందాకటి మాట దారిలో ఇంకోసారి సెప్పు. ఇనడానికి బాగుంది."