పసుపు మొహంవాడి తొందర

ముప్పై ఒక్క ఏళ్లు కాచుకున్నాక రఫీలీనాకు చర్చిలో మొదటి బెంచీ కొసన చోటు దొరికింది. దొరికిన ఏడాదే గొంతులో రాచపుండు తేలింది. "వచ్చే మంగళవారం ఆపరేషన్. ఆ తర్వాత మాట రాదు," అన్నాడు డాక్టరు, పళ్ల ధర చెప్పినంత తేలిగ్గా.

నేపుల్స్ సందుల్లో తోపుడుబండి మీద అంజూరపళ్లు అమ్మి బతికిన మనిషి. ఆమె కేకేస్తే ఐదో అంతస్తు నుంచి కూడా తాళ్లకు కట్టిన బుట్టలు దిగేవి. ఆ గొంతు చూసే మేనత్త అస్సుంతా ఆమెను జెన్నారో చుట్టాల్లో కలిపింది.

చుట్టాలంటే చర్చిలో ముందు కూర్చునే ముసలమ్మలు. పదిహేడు వందల ఏళ్ల కిందట చక్రవర్తి మనుషులు బిషప్ జెన్నారో తల నరికితే, పెంచిన దాది ఆ నెత్తురు సీసాలోకి ఎత్తిందట. ఆ దాది వంశం మాదేనంటారు వీళ్లు. రుజువేదని అడిగినవాడికి మూడినట్టే. గడ్డకట్టిన ఆ నెత్తురు ఏటా సెప్టెంబరు పంతొమ్మిదిన కరగాలి, లేకపోతే ఊరికి కీడు. మొదట బతిమాలతారు. ఆలస్యమైతే, బంగారు పూత పూసిన ఆయన విగ్రహాన్ని చూసి "పసుపు మొహమోడా!" అని తిట్లు అందుకుంటారు. ముందు నోరెత్తే హక్కు మాత్రం బెంచీ కొసన కూర్చున్నామెది. అస్సుంతా చచ్చేదాకా ఆ చోటు వదిలితేనా!

ఇన్నేళ్లూ ఊరి కోసం అరిచింది, ఈసారి తన కోసం నిలదీయాలనుకుంది రఫీలీనా. వారం రోజులు గొంతు దాచుకుంది. కేక లేక బండి మీద పళ్లు కుళ్లిపోయాయి.

తీరా ఆ రోజు పెట్టె తెరిచి ఫాదర్ సీసా వంచాడో లేదో, నెత్తురు జారింది. అప్పటికే కరిగిపోయి ఉంది! కరిగిందన్న గుర్తుగా తెల్ల రుమాలు ఊపారు. కోట మీద ఫిరంగులు పేలాయి. జనం ఒకటే చప్పట్లు.

పక్కనున్న కొంచెత్తా ఆమెను వాటేసుకుంది. "నువ్వు కూర్చున్నావో లేదో కరిగాడు వదినా! ఎంత మర్యాద ఇచ్చాడో!"

"మర్యాదా? నా నోరు నొక్కేశాడే!" రఫీలీనాకు ఒళ్లు మండిపోయింది.

ముద్దు పెట్టుకోమని ఫాదర్ సీసా ముందుకు చాపాడు. ఆమె వంగలేదు.

"కానివ్వమ్మా, వెనక జనం ఉన్నారు."

"మీరుండండి ఫాదర్. ఇది మా ఇంటి గొడవ," అని విగ్రహం వైపు తిరిగింది.

"పసుపు మొహమోడా! ముప్పై ఏళ్లు త్వరగా కానీరా అంటే మధ్యాహ్నం దాకా ఏడిపించావు. ఇవాళ ఏం ముంచుకొచ్చిందిరా నీకు? గొంతు తెగడమంటే ఏమిటో నీకు తెలీదూ? నాకోసం పావుగంట ఆగలేకపోయావా?"

చప్పట్లు ఆగిపోయాయి. ఆమె సీసా వైపు తిరిగింది.

"వచ్చే ఏడు ఎంతసేపైనా బిగుసుకు కూర్చోరా. నేను అరవనులే," అని, అప్పుడు వంగి సీసాను ముద్దు పెట్టుకుంది.