ఇత్తడి వాచీ కట్టుకున్న అల్లుడు

మొన్న సూర్యాపేటలో మా అక్క మనవడి నిశ్చితార్థానికి వెళితే, భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న ఆ కాబోయే పెళ్లికొడుకు విస్తరి వంక చూడటం మానేసి మాటిమాటికీ తన మణికట్టు వంకే చూసుకుంటున్నాడు. ఏమిటా అని నేనూ తొంగి చూశాను. వాచీయే, కాని మనం ఎరిగిన వాచీ కాదు. బోరు మోటారును కుదించి చేతికి బిగించినట్టు నాలుగు మూలలా నాలుగు స్క్రూలు, అంకెలు లేని మొహం, లోపలి పళ్లచక్రాలన్నీ బయటికే. మూత పెట్టడం మరిచిపోయారా నాయనా అని అడిగితే వాడు నవ్వి, "గిది ఇండస్ట్రియల్ డిజైన్ తాతా, ఆన్‌లైన్ల తెప్పించిన. గిసొంటిది ఎవ్వని దగ్గర ఉండదు" అన్నాడు. అటువంటిది ఒకటి ఎన్నో ఏళ్లు నా చేతికే ఉండేది. దాన్ని చేసింది వాడి సొంత తాత, అంటే మా బావ. మనవడు పుట్టేనాటికే ఆయన లేడు.

అప్పుడు నేను మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో సూపర్‌వైజరును. పేరు పెద్దదే గాని, సాయంత్రానికి ఒళ్లంతా ఊక దుమ్ము పట్టి, హమాలీ ఎవరో నేనెవరో మా అమ్మే పోల్చుకోలేకపోయేది. కొత్తగా పెళ్లయింది. అత్తగారిల్లు కోదాడ. పెళ్లిలో అల్లుడి చేతికి మామ వాచీ కట్టే ముచ్చట మన తరానికి వేరే చెప్పనక్కర్లేదు. మా మామగారు ఆ వాచీ కొనేటప్పుడు దుకాణం వాడిచేత వెనక మూత ఊడదీయించి, ఎద్దు పళ్లు చూసినట్టు లోపలి మిషనును, అందులో చక్రాల ఇరుసులకు పొదిగిన ఎర్ర రాళ్లను ఒక్కొక్కటే చూసి గాని బేరం ఒప్పుకోలేదని పెళ్లిపందిట్లో అందరూ చెప్పుకొని నవ్వారు. నాకు మాత్రం పైన ఉన్న బంగారు రంగే నచ్చింది. ఊక దుమ్ములో ఆ రంగు నాకు తప్ప ఇంకెవరికీ కనపడదని తెలిసీ రోజూ మిల్లుకు కట్టుకెళ్లేవాణ్ని.

ఆ ఇంట్లో వాచీ అంటే ఉత్త వాచీ కాదని నాకు తరువాత తెలిసింది. మా తోడల్లుడికీ పెళ్లిలో వాచీ పెట్టారు. నా పెళ్లికి ముందు ఒక పండక్కి అతను ఒట్టి చేత్తో వచ్చాడట. అడిగితే రిపేరుకిచ్చానన్నాడట. మరుసటి పండక్కి అతని భార్య, అంటే మా వదినగారి చెవుల కమ్మలు కనిపించలేదు, అవీ రిపేరుకేనట. తరువాత కొన్నాళ్లకు ఆవిడే పుట్టింటికి వచ్చేసింది. అప్పటినుంచి మామగారు గడపలో అల్లుడు కనిపిస్తే ముందు మొహం చూసేవారు కాదు, చెయ్యి చూసేవారు.

ఆషాఢమాసమని మా ఆవిడ కోదాడ వెళ్లింది. నేను మిల్లులో ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటరు బిగుసుకుపోతే సరిచేయిస్తున్నాను. ఉన్నట్టుండి బెల్టు కదిలింది, వాచీ దాంట్లో చిక్కింది, పట్టీ తెగబట్టి చెయ్యి దక్కింది. బయటికి తీసి చూస్తే అద్దం లేదు, డయలు గీసుకుపోయింది, బంగారు రంగు కేసు సొట్టలు పడి వంకర తిరిగింది. చెవి దగ్గర పెట్టుకుంటే మాత్రం టిక్కు టిక్కుమంటూనే ఉంది. దుకాణం వాళ్లు మిషను బాగానే ఉందన్నారు. ఆ కొలతకు కేసు మాత్రం దొరకదన్నారు. శ్రావణం రాగానే భార్యను తీసుకురావడానికి వెళ్లాలి. ఒట్టి చేత్తో వెళ్లి రిపేరులో ఉందని చెబితే, నిజమే చెప్పినా, ఆ ఇంట్లో ఆ మాటకు అర్థం వేరు. రెండో పిల్లనైనా నమ్మి నా వెంట పంపుతారా అన్నదే నా దిగులు.

ఆ దిగులుతోనే సూర్యాపేటకు, ఇనుము చెక్కే లేతు మిషను పెట్టుకున్న మా బావ దగ్గరికి వెళ్లాను. ఆయన నా మాటంతా విని, వాచీని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, "ఏంరా బామ్మర్దీ, పెండ్లాం లేకపోయేసరికి టైమ్ ఎట్ల పోవాల్నో తెలుస్తలేదా, వాచీనే నలగ్గొట్టుకున్నవ్?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. "జర ఆగు, పరేషాన్ గాకు. ఇన్నేండ్లు తలుపులకు గడియలు జేసిన, గడియారం జేస్త తియ్" అన్నాడు.

పాడైన బాయిలరు వాల్వు ఇత్తడిని లేతు మీద గుండ్రంగా చెక్కి కేసు చేశాడు. నాలుగు స్క్రూలు బిగించాడు. ఇత్తడి రేకు మీద ఉలితో గాట్లు కొట్టి డయలు చేశాడు. పనికిరాని ప్రెషర్ మీటరు అద్దాన్ని అరగదీసి పైన ఒకటి, వెనక ఒకటి పెట్టాడు. మిల్లు బెల్టు అతికే తోలే పట్టీ అయింది. వెనక అద్దమెందుకు బావా అంటే, "మీ మామ మిషన్ సూసి కొన్నడంటివి గద. మల్ల మిషనే సూపెడదం. పైన ఏముంటే ఏంది?" అన్నాడు.

కోదాడ బస్సులో ఒకాయన అదేం మీటరని అడిగాడు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అత్తగారింట్లో కాళ్లు కడుక్కుంటుండగానే పక్కింటి పిన్నిగారు చూసి, "అయ్యో, ఈ వయసుకే బీపీనా అల్లుడుగారూ? మా ఆయనకీ బీపీ తగ్గాలని ఇట్టాంటి కడియమే ఇచ్చారు" అంది. దాంతో మా అత్తగారి మొహం వాడింది. మా ఆవిడ మంచినీళ్లు ఇస్తూ గొంతు తగ్గించి, "అదేంటండీ? మన వాచీ ఏది?" అంది. ఇదే మన వాచీ అన్నాను. నమ్మాలని ఆమెకు ఉంది, కళ్లే ఒప్పుకోవడం లేదు. వంటింటి గుమ్మంలో మా వదినగారు నిలబడి ఉంది. ఆవిడ నేలచూపులు చూస్తోంది.

మామగారు మంచం మీదినుంచి లేచి, "ఒకసారి అది ఇటివ్వండి" అన్నారు. బెల్టులో చిక్కిన సంగతి చెబుతూనే విప్పి, వెనక్కి తిప్పి ఇచ్చాను. ఆయన వాకిట్లోకి నడిచి, ఎండకు ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తూ ఉండిపోయారు. వేలితో గాలిలో ఏవో లెక్కపెట్టుకున్నారు. చివరికి తల తిప్పకుండానే, "ఏమేవ్, మనదేనే! రాళ్లన్నీ ఉన్నాయి" అని అత్తగారికి వినపడేలా చెప్పి, లోపలికి వచ్చి, పెళ్లిలో కట్టినట్టే తన చేత్తో నా చేతికి కట్టి, ఆవిడ వైపు తిరిగి, "అమ్మాయిని బట్టలు సర్దుకోమను. పొద్దున బస్సుకు పోతారు" అన్నారు. బీపీ సంగతి మాత్రం మా అత్తగారు చాలాకాలం నమ్మింది. నేను వెళ్లినప్పుడల్లా కూరల్లో ఉప్పు తగ్గేది.

ఇప్పుడు నేనూ మామనే. అల్లుడు గడపలోకి రాగానే నా చూపు అలవాటుగా అతని చేతి మీదికే పోతుంది. అక్కడ ఒక నల్లటి పట్టీ ఉంటుంది. అతని గుండె ఎట్లా కొట్టుకుంటోందో, ఎంత దూరం నడిచాడో, రాత్రి ఎంతసేపు నిద్రపోయాడో అన్నీ అది చెబుతుందట. మా అమ్మాయి ఎట్లా ఉందో మాత్రం దాన్ని ఎంతసేపు చూసినా నాకేమీ తెలియదు. తెలుసుకోవాలంటే నోరు తెరిచి అడగాలి, ఆ అడగడమే మా కాలపు మగవాళ్లకు ఎవరూ నేర్పలేదు.