ఒపెరాలో వన్స్ మోర్

మా అమ్మాయికి దొరికినవి నాలుగే నాలుగు వాక్యాలు. క్రిస్మస్‌కి టీవీలో పిల్లా పెద్దా కలిసి చూసే ఒపెరా అది. మాటలుండవు, కథంతా పాటల్లోనే నడుస్తుంది. గొర్రెల కాపరి పిల్ల వేషంలో ఆ నాలుగూ ఇది ఒక్కతే పాడాలి. "తప్పు పాడితే ఐయామ్ డన్ మమ్మీ, ఇంక నో మోర్ సింగింగ్" అని నెల ముందే ప్రకటించింది. పదకొండేళ్లదే అయినా అన్నంత పనీ చేసే రకం. నా పోలికే.

రికార్డింగుకి నాన్ననూ తీసుకెళ్లాను. తెనాలి వదిలి ఈ పరాయి దేశంలో, టూంగాబీ అనే ఊళ్లో మా దగ్గరే ఉంటున్న ఆయన వయసంతా పౌరాణిక నాటకాల ముందు గడిచింది. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అనడం, నటుడు మళ్లీ రాగం తీయడం అక్కడి మర్యాద. ఇక్కడ మాత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒకావిడ వచ్చి, ఎవరు దగ్గినా ఆపి మళ్లీ తీయాల్సి వస్తుందని ముందే హెచ్చరించింది. నాన్నకు తెలుగులో చెప్పాను. బుద్ధిగా తలూపారు.

మా అమ్మాయి వంతు వచ్చింది. రెండో వాక్యంలో గొంతు వణికింది. మూడోది సగంలో తెగింది. నాలుగోది నాకసలు వినబడనే లేదు. వాయిద్యాలు ఆగలేదు, ఎవరూ ఆపలేదు. ఆ పాటనే అలాగే టీవీలో ఉంచేస్తారని అర్థమై ప్రాణం ఉసూరుమంది.

"వన్స్ మోర్" అని నాన్న గొంతు హాలంతా మోగింది.

అంతా ఆగిపోయింది. హెడ్‌ఫోన్లావిడ చూసిన చూపుకి నాకు తల కొట్టేసినట్టయింది. "పరువు తీశావు కద నాన్నా" అని పళ్లు కొరికాను.

మళ్లీ తీశారు. ఈసారి గొంతు నిలబడింది. నాలుగో వాక్యం చివర అది స్వరాన్ని పట్టుకుని వదలకపోతే నాకు ఏడుపొచ్చింది. నాన్న మీద కోపం మాత్రం తగ్గలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారు వెనక సీట్లోంచి అది అడిగింది.

"తాతా, ఫస్ట్ టైమ్ ఇట్ వాజ్ సో బ్యాడ్. వై డిడ్ యూ షౌట్?"

"బాలేదు కాబట్టే అమ్మలూ. గోల చేస్తే మళ్లీ తీస్తారంది కదా మీ అమ్మ."

ఎంత మాట అన్నాను ఈయన్ని.

"అండ్ ద సెకండ్ టైమ్?"

"అప్పుడు నిజంగా అరవాలనిపించింది. నోరు నొక్కుకుని కూచున్నా."

కాసేపటికి ఆ నాలుగు వాక్యాలూ ఎవరూ అడగకుండానే వెనక సీట్లోంచి మొదలయ్యాయి.