పైలట్ జెండాకు పసుపు

మొన్న రంగూన్ నుంచి ఏటి అవతల సిరియం వెళ్ళే లాంచీలో కూర్చుని, ఎదురుగా వస్తున్న ఓడ మీద, రేవులోకి దారి చూపే పైలట్ ఎగరేసే పైలట్ జెండా చూసి ఉలిక్కిపడ్డాను. తెలుపూ ఎరుపూ పక్కపక్కన ఉన్నాయి! ఇంగ్లీషు దొరల నాళ్ళలో, పంతొమ్మిది వందల ఇరవైలలో, రంగూన్ రేవులో తెలుపు పైన, ఎరుపు కింద ఉండేవి. ఈ మార్పు జరిగి ఎన్నో ఏళ్ళయిందని మా మనవడు నవ్వాడు గాని, ఓడ కనుమరుగయ్యేదాకా నేను ఆ జెండానే చూస్తూ కూర్చున్నాను.

మా నాన్న రేవు జెండాలు కుట్టే కొట్టులో దర్జీ. శ్రీకాకుళం వైపు నుంచి బస్తాలు మొయ్యడానికి వచ్చినవాడు సూది పట్టి నీడపట్టున కూర్చున్నాడని బంధువులంతా గొప్పగా చెప్పుకునేవారు. రేవు పెద్ద దొర పడవకు నీలం జెండా, దాని మూలన యూనియన్ జాక్, రెండో పక్క ఆఫీసు ముద్ర. ఆ జాక్‌లోని ఏటవాలు తెల్లచారల్లో వెడల్పుది కర్ర వైపున పైకి రావాలట, తలకిందులైతే ఓడ ఆపదలో ఉందని అర్థమట. అన్నం తింటూ నాన్న ఇవన్నీ చెబుతుంటే మేము పురాణంలా వినేవాళ్ళం.

ఒక వానాకాలం, మర్నాటికే కావాలన్నారని కొత్త పైలట్ జెండాను అంచు కుట్టడానికి ఇంటికి తెచ్చాడు. తెల్లవారి చూస్తే తెల్లగుడ్డ మూలన పసుపు! కొత్తబట్ట పసుపు పెట్టకుండా గడప దాటకూడదని అమ్మ నియమం. ఆ జెండా కింద వెళ్ళేవాళ్ళు చల్లగా ఉండాలని పెట్టిందట. నాన్న గబగబా సబ్బు అందుకున్నాడు.

"సబ్బెట్టకు మావా, ఎర్రగైపోద్ది! ఎండలో ఏత్తే అదే పోద్ది!" అని అమ్మ అరిచేసరికే మరక నెత్తురు రంగుకు తిరిగింది.

"ఎండెక్కడుందే? ఏటి సేసినావే!" అంటూ నాన్న బయటి వాన చూసి కూలబడ్డాడు.

కొట్టు దొర ఆ జెండా విప్పి చూసి, ఒక్క మాటైనా అడగకుండా నాన్నను గేటు బయటికి పంపేశాడు. నాలుగు రోజుల తర్వాత రేవు గట్టున, వీపు మీద బియ్యం బస్తాతో వంగి వస్తున్న మనిషి మా నాన్నేనని పోల్చుకున్నాను.

ఇప్పుడు జెండాలు మిషన్లే కుడుతున్నాయి, మా కోడళ్ళు కొత్త చీర కొన్న పూటే కట్టేస్తారు, అందులో తప్పేమీ లేదు. అమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ మా అందరి కొత్తబట్టలకూ పసుపు పెట్టింది. ఒక్క నాన్న పంచెకే, ఆయన తనంతట తానే చెంగు చాపి నిలబడినా, ఆమె చెయ్యి ముందుకు రాలేదు.